అడుగులకు ముందే అరిసెలు

బందరులో పిల్లల బండి తోసుకుంటూ వెళ్లడానికి పనికొచ్చే దారులు మూడే మూడు. నాలుగోది ఉందని ఎవరైనా అంటే వాళ్లు ఎన్నడూ బండి తోసినవాళ్లు కారు. యాభై తొమ్మిదో సంవత్సరం వేసవి సెలవులన్నీ నేను తోశాను కాబట్టి చెబుతున్నాను.

మొదటిది మా పేటలో నుంచి చిలకలపూడి స్టేషనుకి వెళ్లే రోడ్డు. తారు సగం దూరమే ఉండేది గాని, మిగతా సగం బళ్లు తిరిగి తిరిగి బాగా అణిగిన కంకర. రెండోది కాలువ గట్టు. పొద్దున్నే అయితే ఫరవాలేదు. ఎనిమిది దాటితే గేదెల్ని నీళ్లకి తోలుకొస్తారు, అప్పుడు బండి పక్కకి తీయడానికి చోటుండదు. మూడోది గిలకలదిండి వైపు రోడ్డు. వెళ్లేటప్పుడు సముద్రపు గాలి మొహానికి కొడుతుంది, వచ్చేటప్పుడు వీపుని తోస్తుంది, పిల్ల నిద్రపోతుంది. ఇక ఇసక ఉన్నచోటికి అసలు వెళ్లకూడదు. మంగినపూడి సముద్రానికి ఒకసారి బండిని జట్కాలో వేసుకుని తీసుకెళ్లాను. చక్రాలు బెత్తెడు లోతు దిగబడిపోతే బండినీ పిల్లనీ కలిపి మోసుకుని వచ్చాను.

నేనప్పుడు ఒక హైస్కూల్లో డ్రిల్లు మేష్టార్ని. నూటయాభైమంది కుర్రాళ్లు నా ఈల వినగానే నిలబడేవాళ్లు, ఇంకో ఈల ఊదితే నడిచేవాళ్లు. ఇంట్లో పందొమ్మిది నెలల నా కూతురు సరోజ మాత్రం నిలబడేదీ కాదు, నడిచేదీ కాదు. పదకొండో నెలలో జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక చూస్తే ఎడంకాలు సన్నబడింది. ఆస్పత్రి డాక్టరమ్మగారు పోలియో అన్నారు. నడుస్తుందని గాని నడవదని గాని తేల్చి చెప్పలేదు. రోజూ రెండుపూటలా నిలబెట్టండి, చంకనేసుకుని తిప్పకండి, వానలు పడేలోపు ఆ కాలి మీద బరువు వెయ్యడం నేర్చుకుంటే సరే, లేకపోతే మద్రాసు తీసుకెళ్లి కాలికి ఇనప కమ్మీలు వేయించాలి అన్నారు.

ఈ మాట విన్నది మా ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య దయామణి, మా అమ్మ మార్తమ్మ. దయామణికి అప్పుడు ఆరో నెల, పిల్లని ఎత్తకూడదు, వంగకూడదు. అమ్మేమో చంకనేసుకోవద్దన్న మాట చెవిన పెట్టలేదు. తన చంకలో ఉన్నంతసేపూ పిల్లకి రెండు కాళ్లూ బాగానే ఉంటాయనేది.

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా సండేస్కూలు నడుపుతోంది. మా పేటలో సగం మందికి పది ఆజ్ఞలు వచ్చాయంటే ఆవిడ చలవే. అబద్ధ సాక్ష్యం పలకవద్దనే తొమ్మిదో ఆజ్ఞ దగ్గర తడబడిన పిల్లలకి చెవి మెలిపెట్టేది. అలాంటి మనిషి ఆ ఏడు ఈస్టరు వెళ్లిన వారంలో ఒక అబద్ధం ఆడింది. నోటితో ఆడి ఊరుకున్నా బాగుండేది. నెయ్యి పోసి వండి, పళ్లేల్లో పెట్టి, వీధంతా పంచింది.

మా ఎదురింటి మేడ వెంకటరత్నమ్మగారిది. పెదపారుపూడి దగ్గర వాళ్లకి పెద్ద వ్యవసాయం ఉంది, పిల్లల చదువుల కోసం బందరులో ఉండేవారు. ఆవిడ మనవడు సరోజ కంటే అయిదు నెలలు చిన్న. వాడు అడుగులు వేశాడని మా ఇంటికి అరిసెల పళ్లెం వచ్చింది. పిల్లలు మొదటిసారి నడిచినప్పుడు అరిసెలు వండి, వరసగా పరిచి, వాటి మీద నడిపించి, ఇరుగుపొరుగుకి పంచడం మా వైపు ఎవరింట్లోనైనా ఉన్నదే. మేము చర్చికి వెళ్లేవాళ్లమైనా ఆ విషయంలో అందరితో పాటే. మతం మారినంత తేలిగ్గా నోరు మారదు.

ఆ ఇంటి నుంచి మా ఇంటికి పళ్లేలు రావడం కొత్త కాదు. మా ఇంటి నుంచి ఆ ఇంటికి వెళ్లేవే తక్కువ. వెళ్లినా గుమ్మం దగ్గరే అందుకునేవారు. తర్వాత వాటిని ఎవరు తినేవారో మేం అడిగేవాళ్లం కాదు. ఎందుకు అడగమో వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు.

పళ్లెం తెచ్చిన పనిమనిషి తాతమ్మ వెళ్తూ వెళ్తూ, మీ పాప అరిసెలు ఎప్పుడండీ అని అడిగింది. ఆ మాటలో ఏ పుల్లవిరుపూ లేదు. అయినా అమ్మకి గుచ్చుకుంది.

మూడో రోజు శనివారం. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇల్లంతా బెల్లం పాకం వాసన. పళ్లేలు అప్పటికే వీధి చివరి దాకా వెళ్లి ఖాళీగా తిరిగొచ్చాయి.

"ఎప్పుడు నడిచింది?" అన్నాను.

"పొద్దున. మూడడుగులు," అంది అమ్మ, నా మొహం చూడకుండా.

దయామణి వంటింట్లో నుంచి బయటికి రాలేదు. జరిగింది తర్వాత తనే చెప్పింది. అమ్మ వెనక వరండాలో అరిసెలు పరిచి, పిల్ల చంకల్లో చేతులు వేసి, పాదాలు వాటి మీద ఆనించి ఆనించి తీసిందట. కుడికాలు ఆనిందట. ఎడంకాలు వేలాడిందట. ఎన్ని అడుగులని చెప్పాలి అని తనలో తనే కాసేపు గొణుక్కుని, చివరికి మూడు అందట.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అమ్మ ఆడింది అతకనూ లేదు, ఇంట్లో ఆగనూ లేదు. ఆ మర్నాడు చర్చి ఆరాధనలో పాస్టరు అయ్యగారు, ఆయనకి ఎవరు చెప్పారో ఏమో, మార్తమ్మగారి మనవరాలికి దేవుడు నడకనిచ్చినందుకు స్తోత్రం అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను ఆడవాళ్ల వైపు చూశాను. అమ్మ ముసుగు ముక్కు దాకా లాక్కుని కూర్చుంది. ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో పేటలోని జబ్బు మనుషులందర్నీ పేరుపేరునా తలుచుకునే మనిషి, ఆ వారమంతా రెండు ముక్కల్లో ముగించింది.

ఆ రోజు నుంచి మాకు కష్టాలు మొదలయ్యాయి. చర్చిలో, బజారులో ఎవరు కనపడినా, ఏదీ నడిపించండి చూద్దాం అనేవాళ్లే. పాప నిద్రపోతోందని ఒకసారి, జలుబు చేసిందని ఒకసారి చెప్పుకుంటూ వచ్చాం. ఎన్నిసార్లని చెబుతాం?

ఆ సమయంలోనే ఆస్పత్రిలో పనిచేసే దొరసాని నర్సమ్మ ఒకావిడ తమ దేశం వెళ్లిపోతూ, పుట్టబోయే బిడ్డకని దయామణికి పిల్లల బండి ఇచ్చింది. నల్లటి టాపు, నాలుగు చక్రాలు, వెనక నిలబడి తోయడానికి పిడి, దాని కింద చక్రాల మీదుగా అడ్డంగా ఒక ఇనప కడ్డీ. మా వీధి దాన్ని దొరసాని బండి అంది. అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సరోజని తెచ్చి అందులో కూర్చోబెట్టింది.

"బండెక్కిన పిల్లని నడవమని ఎవరూ అడగరు," అంది.

నేను వద్దనాలి. డాక్టరమ్మగారి మాట నాకు గుర్తుంది. అయినా ఊరుకున్నాను. డ్రిల్లు మేష్టారి కూతురు కుంటిదని నలుగురూ అనుకోవడం నాకూ ఇష్టం లేదు. తప్పంతా అమ్మ మీదికి నెట్టి ఈ కథ చెప్పడం తేలికే గాని, బండి తోసింది నేను.

మగవాడు పిల్లల బండి తోయడం బందరు అప్పటిదాకా చూడలేదు. మా స్కూలు తెలుగు పండితుడు రామబ్రహ్మంగారు కాలువ గట్టు మీద ఎదురై, బండి బాగుంది గాని గుర్రాన్ని ఇంకాస్త మేపాలి సామ్యేలూ అని నన్ను తల నుంచి తోక దాకా చూశారు. మా కుర్రాళ్లు దూరం నుంచి నన్ను చూసి సందుల్లోకి తప్పుకునేవాళ్లు. నా వల్ల వాళ్లకి భయమో, వాళ్ల వల్ల నాకు సిగ్గో తెలియదు గాని ఇటూ అటూ ఒకరినొకరు చూడనట్టే ఉండేవాళ్లం.

సరోజకి ఇదేమీ పట్టలేదు. పొద్దున గట్టు మీద, సాయంత్రం రోడ్డు మీద, ఊరేగింపులో కూర్చున్నట్టు కూర్చునేది. కొంగని చూపించేది, మేకని చూపించేది. అప్పటికి దానికి పది మాటలు వచ్చు. అందులో ఎక్కువ వాడే మాట 'ఇంకా'. నేను బండి వెనక్కి తిప్పగానే 'ఇంకా' అనేది. అలా తిప్పుతూ తిప్పుతూ ఏప్రిల్ అయిపోయింది. మేలో సగం కూడా అయిపోయింది. దాని ఎడంకాలు బండిలో కుడికాలి పక్కన ఇంకా సన్నగా కనపడడం మొదలుపెట్టింది. నేను దాని మీద తువ్వాలు కప్పేవాణ్ణి.

ఒక సాయంత్రం స్టేషను రోడ్డు మీద వెంకటరత్నమ్మగారు ఎదురయ్యారు. చేతిలో మనవడి వేలు. పక్కన పెదపారుపూడి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఆవిడ వదిన నాంచారమ్మగారు. ఇద్దరికీ నమస్కారం పెట్టి బండి ఆపాను. నాంచారమ్మగారు వంగి పిల్ల బుగ్గ తాకి, నడిచే వయసు పిల్లని బండిలో ఎందుకు కుదేశారండీ, దించండి, మా వాడితో పాటు నాలుగడుగులు వేస్తుంది అన్నారు.

నేను నోరు తెరిచేలోపే వెంకటరత్నమ్మగారు అందుకున్నారు. రోడ్డు ఇంకా కాలుతోంది వదినా, పాదాలు బొబ్బలెక్కుతాయి, ఇంకోసారి చూద్దాంలే అన్నారు. ఆవిడ మనవడు అదే రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు.

వాడి పాదాలు చూశాను. ఆవిడ మొహం చూశాను. నాకు ఒక్కసారిగా అర్థమైంది.

"రోడ్డు వల్ల కాదండీ," అన్నాను. "పాప ఇంకా నడవడం లేదు. కాలు బాగాలేదు. మా అమ్మ మీకు చెప్పింది నిజం కాదు."

నాంచారమ్మగారు అయ్యో అని మనవణ్ణి తీసుకుని నాలుగడుగులు ముందుకి వెళ్లారు. వెంకటరత్నమ్మగారు బండి టాపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"తెలుసు మేష్టారూ. మేడ మీద బట్టలారేస్తుంటే మీ పక్కసందులోంచి వెనక వరండా కనపడుద్ది. ఆ రోజే చూశాను. వీధిలో తెలియందెవరికి గనక? మీ అమ్మగారు బాధపడతారని ఎవరూ ఎత్తలేదు."

నేను తలొంచుకున్నాను. ఆవిడ వెళ్లబోతూ ఆగారు.

"అరిసెలు నేనే తిన్నాను. ఆ మాట మీ అమ్మగారితో చెప్పండి," అన్నారు.

ఇంటికి వచ్చి అమ్మకి అంతా చెప్పాను. దాచలేదు. వీధి మొత్తానికి తెలుసన్నప్పుడు అమ్మ మొహం మాడిపోయింది. పళ్లెం అందుకుంటూ నవ్వుకుని ఉంటారు కదరా అంది. నవ్వుకోలేదని చెప్పి, వెంకటరత్నమ్మగారు చివరికి అన్న మాట కూడా చెప్పాను.

"ఆవిడే తిన్నానందా?" అంది.

"ఆవిడే."

అమ్మ ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను. అప్పుడు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు తప్ప అమ్మ ఏడవగా నేను చూడలేదు. పక్కన కూర్చోవడం చేతకాక పెరట్లోకి వెళ్లి మొక్కలకి నీళ్లు పోశాను.

అమ్మ ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. మర్నాడు ఎదురింటికి తనే వెళ్లొచ్చింది. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. శనివారం అయ్యగారి దగ్గరికి వెళ్లింది. పోనివ్వండి మార్తమ్మగారూ, దేవుడికి తెలుసుగా అని ఆయన సర్దబోయారట. స్తోత్రం అందరి ముందూ చెప్పి తప్పు చాటుగా దిద్దడమేంటని అమ్మ పట్టుబట్టిందట. ఆదివారం ప్రకటనల్లో ఒక పెళ్లి ప్రకటనకీ స్త్రీల కూడిక ప్రకటనకీ మధ్య, మార్తమ్మగారి మనవరాలు ఇంకా నడవలేదనీ, అందరూ ప్రార్థించాలనీ అయ్యగారు చదివారు. ఆ వేసవి అయ్యేదాకా సండేస్కూలు చెప్పనని అమ్మ తనకి తనే శిక్ష వేసుకుంది. ఎవరు బతిమాలినా వినలేదు.

అక్కడి నుంచి బండి పని మారింది. సరోజని బండిలో కూర్చోబెట్టి స్టేషను దాకా తోసుకెళ్లేవాణ్ణి. పొద్దున రైలు వెళ్లాక సాయంత్రం రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం ఖాళీ. నాపరాళ్ల నేల, పైన రేకుల నీడ, బందరు మొత్తం మీద పిల్ల నడక నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. అక్కడ పిల్లని దించి, బండిలో రెండు ఇటుకలు పెట్టేవాణ్ణి, తేలికైతే జారిపోతుందని. సరోజ వెనక నిలబడి ఆ అడ్డకడ్డీ పట్టుకునేది. నేను ముందు నుంచి బండిని వేలెడు వేలెడు లాగేవాణ్ణి. అమ్మ మరచెంబుతో నీళ్లు పట్టుకుని కూడా వచ్చి బెంచీ మీద కూర్చునేది.

రోహిణికార్తె ఎండలు. మొదటి వారం నిలబడడానికే ఏడ్చింది. ఎడం మోకాలు వెనక్కి వంగిపోయేది. రెండో వారం ఏడుపు తగ్గింది. కడ్డీ పట్టుకుని బండితో పాటు కదిలింది. కడ్డీ మాత్రం వదిలేది కాదు. వేళ్లు విడదీస్తే అక్కడే చతికిలబడేది. నేను ఎన్నడూ ఏ కుర్రాడికీ చూపించనంత ఓపిక చూపించాను. చూపిస్తూనే లోపల రోజులు లెక్కపెట్టుకున్నాను. స్కూలు తెరిస్తే నాకు పగలు కుదరదు. దయామణికి ఎనిమిదో నెల వస్తోంది. తూర్పున మబ్బు పడితే నాకు మద్రాసు గుర్తొచ్చేది.

జూన్ మొదటి వారంలో ఒక పొద్దున దయామణిని ఆస్పత్రికి తీసుకెళ్లి పదకొండు గంటలకి తిరిగొచ్చాం. అమ్మ వెనక వరండాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. సరోజ పక్కనే చాప మీద నిద్రపోతోంది.

"పిల్ల నడిచింది," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఏదీ పట్టుకోలేదు. ఆ స్తంభం దగ్గర్నుంచి నీళ్లతొట్టి వైపుకి. నాలుగడుగులు."

నేను దయామణి వైపు చూశాను. దయామణి నేల వైపు చూసింది.

"ఏ కాలు ముందేసింది?" అన్నాను. తప్పు చేసిన కుర్రాణ్ణి నిలదీసే గొంతు అది. నాకే వినపడింది.

"ఎడంకాలు."

"సన్నకాలా?"

"ఆ. అదే."

నాకు నవ్వొచ్చింది. బలమున్న కాలు వదిలేసి బలం లేని కాలు ఎవరైనా ముందు వేస్తారా? అబద్ధం చెప్పేవాళ్లు ఇలాంటి చిన్న విషయాల దగ్గరే దొరికిపోతారనుకున్నాను.

"అరిసెలకి బియ్యం నానబోశావా మరి?" అన్నాను.

అమ్మ చింతపండు మీద నుంచి కళ్లెత్తలేదు. తను చెప్పింది నిజమని ఒట్టు పెట్టుకోలేదు. ఇంకో పిక్క తీసి పక్కన పెట్టింది. ఆ మాట అన్నందుకు నేను నా జీవితంలో పడ్డంత బాధ ఇంకే మాటకీ పడలేదు. ఆ పూట మాత్రం నాకేమీ అనిపించలేదు. తిక్క కుదిర్చాననే అనుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మ స్టేషనుకి రాలేదు. మర్నాడూ రాలేదు. మరచెంబు బండిలో పెట్టి పంపేది. నేను పరీక్ష పెట్టదలిచి సరోజని తీసుకెళ్లి అదే స్తంభం దగ్గర నిలబెట్టి తొట్టి వైపు రమ్మన్నాను. కూర్చుండిపోయింది. ఒకసారి కాదు, రోజుకి నాలుగుసార్లు నిలబెట్టాను, నాలుగుసార్లూ కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ నా అనుమానం గట్టిపడింది. అమ్మ వంటింట్లో నుంచి ఇదంతా చూస్తూ ఉండేది.

"ఈసారి అత్తయ్య వీధిలో ఎవరికీ చెప్పలేదు, గమనించారా?" అంది దయామణి ఒకరోజు.

"చెప్పడానికి మొహం ఉండొద్దూ," అన్నాను.

ఇల్లు ఇల్లుగా లేదు. అన్నం పెట్టేటప్పుడు తప్ప అమ్మ నన్ను పిలిచేది కాదు.

ఇలా పన్నెండు రోజులు. సోమవారం స్కూలు తెరుస్తారనగా శనివారం సాయంత్రం నేనూ సరోజా ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. మబ్బు పట్టింది, గాలి లేచింది. బండి చక్రం ఒకటి కిర్రుమంటోంటే ఇటుకలు తీసి బెంచీ కింద పెట్టి, గోడవారగా బండి నిలిపి, మర బిగించాను. బిగించాక ఇటుకలు మళ్లీ పెట్టడం మరిచిపోయాను. చేతులు కడుక్కుందామని కుళాయి వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగేసరికి సరోజ నేల మీద నుంచి కడ్డీ పట్టుకుని లేచి నిలబడి ఉంది. అప్పుడే గాలి టాపుకి కొట్టింది. బండి దాని చేతిలో నుంచి జారి గోడ వెంట గజం దూరం ముందుకి పోయి ఆగింది.

సరోజ పడలేదు. చేతులు రెండూ ముందుకి చాపి అలాగే నిలబడింది. నేను అరవలేదు, కదల్లేదు. బండి కేసి చూసింది. తర్వాత ఒళ్లంతా కుడికాలి మీదికి వేసుకుని, నడుం పైకెత్తి, ఎడంకాలిని గిరుక్కున ముందుకి విసిరింది. దాని మీద ఒక్క క్షణం ఆనుకుని కుడికాలు గబుక్కున లాక్కుంది. మళ్లీ ఎడంకాలు. మళ్లీ కుడి. కడ్డీ అందుకుని, నా వైపు తిరిగి, 'ఇంకా' అంది.

బలం లేని కాలు లేవాలంటే బలమున్న కాలి మీద నిలబడాలి. ముందు వెళ్లేది బలం లేని కాలే. ఇంత చిన్న సంగతి, తొమ్మిదేళ్లుగా పిల్లలకి నడక నేర్పి జీతం తీసుకుంటున్న నాకు తట్టలేదు. నా కూతురు నడిచింది. కుంటుతూ నడిచింది, ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది, ఇనప కమ్మీల అవసరం మాత్రం రాలేదు. ఆ క్షణంలో నాకు సంతోషం ముందు రావాలి. సిగ్గు ముందొచ్చింది. కుళాయి గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకుని, ఆ తర్వాత పిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో బావి పక్కన కూర్చుని బియ్యం కడుగుతోంది. నేను పిల్లని ఎత్తుకునే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"అమ్మా, నడిచింది. నాలుగడుగులు."

అమ్మ చేతులు నీళ్లలో ఆగాయి.

"ఎడంకాలే ముందేసింది," అన్నాను.

"ఊ," అంది.

బియ్యంలో నీళ్లు వంపింది. మళ్లీ నీళ్లు పోసింది.

"పడిందా?"

"లేదు. బండి అందుకుంది."

"నా దగ్గర పడింది," అంది అమ్మ. "నాలుగో అడుగు వేసి ముందుకి పడింది. మోకాలు చీరుకుపోయింది. పడిందంటే అది నడక కిందికి రాదంటావేమోనని ఆ ముక్క చెప్పలేదు. అదీ చెప్పి ఉంటే నమ్మేవాడివేమో."

సరోజ మోకాలి మీద పొక్కు నేను పన్నెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. పాకుతూ గీరుకుందనుకున్నాను. ఇప్పుడు దాని మీద చెయ్యి వేసి చూశాను. చాలావరకు మానిపోయింది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను. మా ఇంట్లో ఆ మాట నేను అంతకు ముందు అనలేదు.

అమ్మ బియ్యం గిన్నె పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది.

"దింపు దాన్ని," అంది.

బావి గట్టు పట్టించి సరోజని నిలబెట్టి నేను పక్కకి తప్పుకున్నాను. అమ్మ అయిదారు అడుగుల దూరంలో నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. దయామణి గుమ్మంలోకి వచ్చింది. సరోజ ముగ్గుర్నీ చూసి, గట్టు వదిలి, ఎడంకాలు విసిరింది. రెండడుగులు వేసింది, మూడోది వేస్తూ పడింది. నేను ముందుకి ఉరకబోతే అమ్మ ఆగమన్నట్టు తల ఊపింది. వెనక పెట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండడం నాకు కనపడుతూనే ఉంది.

"లే తల్లీ," అంది.

సరోజ రెండు అరచేతులూ నేలకి ఆనించి, కుడికాలు ముందు మడుచుకుని, మెల్లిగా లేచి నిలబడింది.